ఆ మహజరు మీద మేమెందుకు సంతకం చేయలేదు

గత నెల ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసిన తర్వాత మా వాడకు చెందిన నలుగురు యువకులు మా ఇంటికి వచ్చారు. వారి చేతిలో ఒక మహజరు ఉన్నది. ఒక గూఢచారి నవల ఆధారంగా తీసిన వెబ్ సీరీస్‌ను తక్షణమే నిషేధించాలని జిల్లా కలెక్టరుగారిని కోరే మహజరు అది. "చాచా, మీరు ముప్పై ఏళ్లు సర్కారు ఆఫీసులో కాగితాలు రాశారు. దీన్ని కాస్త సరిదిద్ది మొదటి సంతకం మీరే పెట్టాలి" అన్నారు. మేము సరిదిద్దలేదు. సంతకమూ పెట్టలేదు. వారు నొచ్చుకున్నారు. గుమ్మం దాటుతూ ఒకరు "పెద్దలకు భయం ఎక్కువ" అన్న మాట మా చెవిన పడింది. మా నిరాకరణకు కారణం భయం కాదని వారికీ, వారిలాగే ఆలోచించే అనేకులకూ చెప్పవలసిన బాధ్యత మా మీద ఉన్నది. ఆ బాధ్యతతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ యువకుల బాధ న్యాయమైనది. ఆ సీరీస్‌ను మేమూ చూశాము. అందులో టోపీ పెట్టినవాడు, గడ్డం పెంచినవాడు, సలాం చెప్పినవాడు ఎవరు కనబడినా మరి కొంతసేపటికి అతని చేతిలో తుపాకి కనబడుతుంది. బాంబు పేలే ముందు అజాన్ వినిపిస్తుంది. రోజుకు ఐదుసార్లు మనలను మేలువైపు పిలిచే ఆ పిలుపును అపాయానికి గుర్తుగా మార్చివేశారు. దీని ఫలితం తెర దగ్గర ఆగిపోదు. నాలుగో తరగతి చదివే మా మనవడిని బడిలో తోటి పిల్లలు ఆ సీరీస్‌లోని ప్రతినాయకుడి పేరుతో పిలవసాగారు. వాడు ఇంటికి వచ్చి ఏడవలేదు. "దాదా, కథల్లో మంచివాళ్లకు మన పేర్లు ఉండవా?" అని మాత్రం అడిగాడు. ఆ రోజు మా వద్ద జవాబు లేకపోయింది. ఆ ప్రశ్నను మేము మరువలేదు. అయితే నిషేధం ఆ ప్రశ్నకు జవాబు కాజాలదనే మా వాదన.

1988 జనవరిని గుర్తు చేసుకుందాము. భీష్మ్ సాహ్ని రచించిన 'తమస్' నవలను గోవింద్ నిహలానీ తెరకెక్కించగా దూరదర్శన్ ప్రసారం ప్రారంభించింది. 1975లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన నవల అది. చర్మకారుడైన నత్థూకు మురాద్ అలీ అనేవాడు ఐదు రూపాయలిచ్చి ఒక పందిని చంపిస్తాడు. తెల్లవారేసరికి దాని కళేబరం మసీదు మెట్లమీద ఉంటుంది. ఊరు తగలబడుతుంది. ఈ కథ ప్రసారమైతే మత విద్వేషం చెలరేగుతుందని, దీన్ని ఆపించాలని బొంబాయి హైకోర్టు తలుపు తట్టిన వ్యక్తి మరెవరో కాదు, మన సముదాయానికి చెందినవాడే. తాత్కాలికంగా నిలుపుదల ఉత్తర్వు కూడా వచ్చింది. ఆ తర్వాత జస్టిస్ లెంటిన్, జస్టిస్ సుజాతా మనోహర్ ఆ ధారావాహికను స్వయంగా చూసి ఉత్తర్వును తొలగించారు. మరొకరు సుప్రీంకోర్టుకు వెళ్లగా ఫిబ్రవరిలో అక్కడా అదే ఫలితం వచ్చింది. ఒక రచన ప్రభావాన్ని వివేకమూ దృఢచిత్తమూ గల మనిషి దృష్టితో కొలవాలే కాని, ప్రతిదానిలోనూ ప్రమాదాన్ని చూసే బలహీనుడి దృష్టితో కొలవరాదని న్యాయస్థానం చెప్పింది.

ఆ రోజున ఆ అర్జీ నెగ్గి ఉంటే మనకు ఏమి మిగిలేది? మురాద్ అలీ పేరు మన పేరే, నిజమే. కాని అదే కథలో అత్తరు అమ్ముకునే ఒక ముస్లిం వృద్ధుడిని, ద్వేషం నేర్పబడిన పిల్లలు పొట్టన పెట్టుకుంటారు. అదే కథలో రాజో అనే ముస్లిం ఇల్లాలు ప్రాణభయంతో వచ్చిన సిక్కు వృద్ధ దంపతులకు తన ఇంట ఆశ్రయం ఇస్తుంది. అల్లరికి నిప్పు పెట్టిన మురాద్ అలీయే చివరకు శాంతి యాత్ర బస్సులో కూర్చొని నినాదాలు చేస్తాడు. కలహాలు వాటంతట అవి పుట్టవని, వాటిని పురమాయించేవారు ఉంటారని కోట్లాది ఇళ్లకు చెప్పిన కథ అది. ఒక దుష్టుడి పేరు చూసి ఆ కథ మొత్తాన్ని మూసివేయించబోయిన తొందరపాటు మనవైపునుంచే వచ్చిందని ఒప్పుకోవడం కష్టమే. అయినా ఒప్పుకోవాలి.

రెండో ఉదాహరణలో మనం ఆవలి గట్టున ఉన్నాము. భగవాన్ ఎస్. గిద్వానీ 1976లో ప్రచురించిన 'ద స్వోర్డ్ ఆఫ్ టిపూ సుల్తాన్' చారిత్రక నవల. దాన్ని సంజయ్ ఖాన్ ధారావాహికగా తీశారు. 1989 ఫిబ్రవరిలో మైసూరు ప్రీమియర్ స్టూడియోలో చిత్రీకరణ జరుగుతుండగా అగ్నిప్రమాదం సంభవించి 60 మందికి పైగా మరణించారు. సంజయ్ ఖాన్ స్వయంగా తీవ్రంగా కాలిపోయి చాలాకాలం ఆసుపత్రిలో ఉన్నారు. అంతటి విషాదం తర్వాత 1990లో దూరదర్శన్‌లో ప్రసారం మొదలుకాగా, దీన్ని ఆపాలని కోర్టుల్లో వ్యాజ్యాలు పడ్డాయి. ఈసారి వేసినవారు మనవారు కారు. చివరకు ప్రసారం జరిగింది, కాని ఒక షరతుతో. ఇది కల్పితమని, నవలకు నాటకీకరణ మాత్రమేనని, ఇందులోని ఘటనల ప్రామాణికతకు పూచీ లేదని ప్రేక్షకుడికి ముందుగా చెప్పవలసి వచ్చింది.

ఆ దినాలలో మన ఇళ్లలో ఆ షరతు ఎంత కోపం రేపిందో మాకు బాగా గుర్తు. మేమూ కోపగించినవారిలో ఉన్నాము. టిపూ మనకు దూరపువాడు కాడు. అతని తల్లి ఫాతిమా ఫఖ్రున్నిసా కడప కోటాధికారి మీర్ ముయినుద్దీన్ కుమార్తె. అతని తండ్రి హైదర్ అలీ 1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపాన నరసింగరాయనిపేట శిబిరంలో కన్నుమూశాడు. రాయలసీమ ప్రజలకు ఆ తండ్రీకొడుకులు సొంత చరిత్ర. అటువంటివాడి కథకు 'ఇది కల్పితం' అని చీటీ అంటించడం అవమానమని భావించాము.

ఈ వయసులో వెనుదిరిగి చూస్తే ఆ కోపంలో సగమే సబబనిపిస్తున్నది. నవల నవలే. గిద్వానీ చాలా శ్రమించి రాశారు, టిపూను ప్రేమించి రాశారు. అయినంత మాత్రాన ఆయన టిపూ నోట పలికించిన మాటలు టిపూ పలికినవి కావు. మన సభలలో, మన పత్రికలలో, మన పిల్లల వక్తృత్వ పోటీలలో ఆ సీరియల్ సంభాషణలనే టిపూ సూక్తులుగా ఎన్నిసార్లు వల్లించలేదు? శృంగేరి పీఠానికి టిపూ రాసిన లేఖలు ఉన్నాయి. మరాఠా సేనలు 1791లో ఆ మఠాన్ని దోచినప్పుడు స్వామివారికి సాయం పంపుతూ రాసినవి వాటిలో ఉన్నాయి. 1916లో మైసూరు పురావస్తు శాఖ వాటిని వెలుగులోకి తెచ్చింది. అవి పత్రాలు, సాక్ష్యాలు. వాటిని చదివినవారెందరు? సీరియల్ చూసినవారెందరు? కొడగు, మలబారు దండయాత్రల గురించి, మంగళూరు క్రైస్తవుల బందీత్వం గురించి చరిత్రకారులు అడిగే ప్రశ్నలకు కూడా సీరియల్ సంభాషణలతో జవాబు చెప్పలేము. పత్రాలతోనే చెప్పాలి. తప్పు జరిగినచోట జరిగిందని అనగలగాలి. నవలను చరిత్రగా చెలామణీ చేసే అలవాటు మనం చేస్తే న్యాయం, ఎదుటివారు చేస్తే అన్యాయం కాజాలదు. ఈనాడు మనలను దుష్టులుగా చూపే సీరీస్‌లన్నీ 'నిజ సంఘటనల ఆధారంగా' అనే పలకను ముందు పెట్టుకొని వస్తున్నాయి. ఆ పలకను ప్రశ్నించాలంటే మన చేతులు శుభ్రంగా ఉండాలి.

కోపంలోని రెండో సగం మాత్రం నేటికీ సబబే. టిపూకు వేసిన షరతు మంచిదే. అది అందరికీ వేయండి. నేడు దాదాపు ప్రతి సీరీస్ ముందూ 'కల్పితం' అనే వాక్యం కనబడుతున్నది, నిజమే. చిన్న ఇంగ్లీషు అక్షరాలలో, రెప్పపాటు కాలం. తెలుగులోకి డబ్ చేసిన సీరీస్‌కు ఆ వాక్యం తెలుగులో ఉండదు. పాత్రలన్నీ తెలుగు మాట్లాడతాయి, ఒక్క హెచ్చరిక మాత్రం ఇంగ్లీషులో ఉండిపోతుంది. ఇది చిన్న విషయమని అనేవారికి గుమాస్తాగా మా అనుభవం చెబుతాము. ఫైలులో చివర చిన్న అక్షరాలలో రాసిన షరతునే ఎవరూ చదవరు, అందుకే దాన్ని చిన్న అక్షరాలలో రాస్తారు.

మూడో ఉదాహరణ మనకు అన్నింటికంటే ముఖ్యమైనది. 1927లో ప్రవక్త ముహమ్మద్ (స) గౌరవానికి భంగం కలిగించిన ఒక పుస్తకం విషయంలో లాహోరు హైకోర్టు ప్రచురణకర్తను విడిచిపెట్టగా దేశమంతటా ముస్లింలు ఆవేదన చెందారు. ఆ ఆవేదన ఫలితంగా శిక్షాస్మృతిలో 295-ఏ సెక్షన్ చేరింది. భారతీయ న్యాయ సంహితలో అదే 299వ సెక్షన్. దుర్బుద్ధితో, ఉద్దేశపూర్వకంగా మత భావాలను అవమానించినవారిని శిక్షించే ఆ చట్టాన్ని మన పెద్దలు కవచంగా కోరుకున్నారు. 93 సంవత్సరాల తర్వాత ఏమైంది? విక్రమ్ సేఠ్ 1993 నాటి నవల 'ఎ సూటబుల్ బాయ్'ను మీరా నాయర్ ధారావాహికగా తీశారు. 2020లో అది నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అందులో కబీర్ దుర్రానీ అనే ముస్లిం విద్యార్థి, లత అనే హిందూ యువతి ఒకరినొకరు ఇష్టపడతారు. గుడి పరిసరాలలో వారు ముద్దు పెట్టుకునే దృశ్యంపై మధ్యప్రదేశ్‌లోని రీవాలో ఫిర్యాదు వెళ్లింది. నవంబరులో ఆ సంస్థ అధికారులిద్దరిపై అదే 295-ఏ కింద కేసు నమోదైంది.

ఆ దృశ్యం మాకూ రుచించదు. ప్రార్థనా స్థలం ఎవరిదైనా దాని మర్యాద దానికి ఉండాలి. కాని ఇక్కడ గమనించవలసింది మరొకటి. నవలలో లత చివరకు కబీర్‌ను కాదని మరొకరిని పెళ్లాడుతుంది. అయినా ఒక ముస్లిం యువకుడు తెరమీద తుపాకి పట్టకుండా, క్రికెట్ ఆడుతూ, చదువుకుంటూ, ప్రేమిస్తూ కనబడిన అరుదైన కథ చుట్టూ రేగిన వివాదం అది. మన మనోభావాల కోసం చేయించుకున్న చట్టం అటువంటి కథ మీద పడింది. మనం మహజరు రాసి నిషేధించే అధికారానికి పదును పెడితే, రేపు ఆ కత్తి ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించాలి. సంఖ్యాబలం లేనివాడు 'మనోభావాలు దెబ్బతిన్నాయి' అనే పోటీలో ఎన్నటికీ నెగ్గడు. అక్కడ అరుపులను లెక్కిస్తారు. మనకు అనువైన కొలత నియమం, సాక్ష్యం, సమానత్వం.

"అయితే చూస్తూ ఊరుకోవాలా?" అని యువకులు అడుగుతారు. వద్దు. అసలు మన అభ్యంతరం ఏమిటో ముందు స్పష్టంగా చెప్పుకోవాలి. ప్రతినాయకుడికి ముస్లిం పేరు ఉండటమా? టిపూ సీరియల్‌లో ద్రోహి మీర్ సాదిక్. అతని పేరు మీద మనం ఒక్క అర్జీ అయినా ఇచ్చామా? ఇవ్వలేదు. ఎందుకంటే ఆ కథలో నాయకుడూ మనవాడే. దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాను చూడండి. గాథలన్నింటిలో ఉత్తమమైనదిగా అల్లాహ్ పేర్కొన్న గాథ అది. అందులో పసివాడిని బావిలో పడవేసినవారు పరాయివారు కారు, ఒక ప్రవక్త ఇంట పుట్టిన కొడుకులు. కనుక మనలో చెడ్డవాడు ఉండరాదనడం మన అభ్యంతరం కారాదు. చెడ్డవాడు తప్ప మరొకడు లేకపోవడమే మన అభ్యంతరం. ఈ రెండింటికీ మధ్య ఎంతో తేడా ఉన్నది. మొదటిది అడిగితే మొండివారమవుతాము. రెండోది అడిగితే జవాబు చెప్పవలసినవారు వారవుతారు.

ఈ సందర్భంలో ఇబ్నె సఫీని తలచుకోకుండా ఉండలేము. అలహాబాదు జిల్లా నారా గ్రామంలో 1928లో పుట్టిన అస్రార్ అహ్మద్ 1952లో 'జాసూసీ దునియా' నవలలు మొదలుపెట్టారు. అశ్లీలం లేకుండా చవక నవల అమ్ముడుపోదన్న మాటకు జవాబుగా కలం పట్టారు. అదే ఏడాది పాకిస్తాన్ వెళ్లిపోయినా 1980లో మరణించేదాకా ఆయన నవలలు రెండు దేశాలలోనూ వెలువడ్డాయి. ఉర్దూ చదివే మన ఇళ్లలో నెల నెలా వాటి కోసం ఎదురుచూసేవారు. ఉర్దూ అంతగా రాని మావంటి వారు అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నూ, మధుబాబు షాడోనూ చదివేవారు. మాకు వారు పరాయివారని ఎన్నడూ అనిపించలేదు.

ఇబ్నె సఫీ నాయకుడు కర్నల్ ఫరీదీ. ధీరుడు, నిష్కళంకుడు, మేధావి. అతని సహాయకుడు కాప్టెన్ హమీద్. అల్లరివాడు, నవ్వించేవాడు. ఆ నవలలు హిందీలోకి వెళ్లినప్పుడు ఏమి జరిగిందో మన యువకులు తెలుసుకోవాలి. ఫరీదీ వినోద్ అయ్యాడు. మరో నవలామాలిక నాయకుడు ఇమ్రాన్ రాజేశ్ అయ్యాడు. హమీద్ మాత్రం హమీద్‌గానే మిగిలాడు. అనుచరుడికి మన పేరు ఉండవచ్చు, అధికారికి ఉండరాదు అన్నట్లు. ఆ మార్పు వెనుక వ్యాపార లెక్క ఉన్నదో, మరొకటి ఉన్నదో మేము విచారణ జరపబోము. ఎవరినీ తిట్టకుండా, ఏ మతాన్నీ దూషించకుండా, కేవలం ఒక పేరు మార్చి నాయకుడి స్థానం నుంచి మనలను ఎంత నిశ్శబ్దంగా దించవచ్చో అక్కడ కనబడుతుంది. దాని మీద ఏ చట్టం కింద కేసు పెట్టగలం? దేన్ని నిషేధించమని అడగగలం? మనలను అవమానించే కథను ఆపించవచ్చునేమో. మనం లేని కథను ఆపించి ప్రయోజనం ఏమిటి? అక్కడ మనం ఉండేటట్లు రాయడమే దారి.

ఇక్కడ మన లోపం కూడా చెప్పక తప్పదు. అమీర్ హమ్జా దాస్తాన్‌ను రాత్రులు రాత్రులు విన్న సముదాయం మనది. నేడు మన ఇళ్లలో నవల చదివే పిల్లవాడిని 'పనికిమాలిన పుస్తకాలు' అని కసురుతాము. వాడు పుస్తకం మూసి ఫోను తెరుస్తాడు. అక్కడ ఎనిమిది గంటల సీరీస్ వాడి కోసం కాచుకొని ఉంటుంది. గత మూడు దశాబ్దాలలో తెలుగులో ముస్లిం కవులు, కథకులు మన బతుకును చక్కగా రాశారు. సలీం 2010లో 'కాలుతున్న పూలతోట' నవలకు సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. వేంపల్లె షరీఫ్ కథలు 'జుమ్మా'కు అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆ రచనలు మన గౌరవాన్ని పెంచాయి. కాని పదో తరగతి పిల్లవాడు ఊపిరి బిగపట్టి చదివే అపరాధ పరిశోధన నవలో, గూఢచారి నవలో, కడప, గుర్రంకొండ కోటల చారిత్రక నవలో మన కలాల నుంచి ఎన్ని వచ్చాయి? అటువంటి రచన తక్కువ రకమని మన విద్యావంతులు అనుకుంటున్నారు. ఆ తక్కువ రకం నుంచే సీరీస్‌లు పుడుతున్నాయి, వాటినుంచే బడిలో మారుపేర్లు పుడుతున్నాయి.

కనుక మేము చించివేయమన్నది ఆ మహజరును మాత్రమే, ఉద్యమాన్ని కాదు. దాని స్థానంలో మా ప్రతిపాదన ఇది. మొదటిది, అర్జీ సరైన చోటికి వెళ్లాలి. 2021 ఐటీ నియమాల ప్రకారం ఇటువంటి ప్రసార సంస్థకు ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలి. అందిన ఫిర్యాదుపై 15 రోజులలో నిర్ణయం చెప్పాలి. మన దేశం అనేక మతాల దేశమన్న ఎరుకతో ఏ మతస్థుల ఆచారాలనైనా జాగ్రత్తగా చూపాలని ఆ నియమావళిలోనే ఉన్నది. ఆ నియమాలలో కొన్నింటిపై హైకోర్టులలో వివాదం నడిచిన మాట నిజమే. అయినా కాగితం పెట్టిన చోటే జవాబు అడిగే హక్కు పుడుతుంది. ఏ భాగంలో, ఏ నిమిషంలో, ఏ దృశ్యం, ఎందుకు తప్పు అని వివరంగా రాయాలి. 'మొత్తం నిషేధించాలి' అనే ఒక్క వాక్యం వల్ల ఏ ఫైలూ కదలదు.

రెండోది, మన కోరిక అందరికీ వర్తించేదిగా ఉండాలి. 'నిజ సంఘటనల ఆధారంగా' అని చెప్పుకునే ప్రతి ధారావాహిక ముందూ ఏది వాస్తవం, ఏది కల్పన అనేది తెలుగులో, చదవగలిగినంత సేపు చూపాలి. అది టిపూ కథ అయినా, మరొకరి కథ అయినా. మూడోది, మన మసీదు కమిటీలు, విద్యా సంఘాలు ఏటా జల్సాలకు పెట్టే ఖర్చులో కొంత తీసి వాడకొక చిన్న గ్రంథాలయం పెట్టాలి. అందులో ధార్మిక గ్రంథాల పక్కనే నవలలూ ఉండాలి. 'తమస్' కూడా ఉండాలి. నాలుగోది, రాయగల పిల్లలను గుర్తించి రాయించాలి. మన పత్రికలు ఏటా ఒక నవలకైనా స్థలమివ్వాలి. అందులో దొంగా మనవాడు కావచ్చు. పట్టుకునేవాడూ మనవాడు కావాలి.

ఆ నలుగురు యువకులకు మా తలుపు తెరిచే ఉన్నది. వచ్చే జుమా తర్వాత రమ్మని కబురు పంపాము. మొదటి అర్జీ ముసాయిదా రాసి ఉంచాము, దృశ్యాలు, నిమిషాలు గుర్తించి. దాని మీద మొదటి సంతకం మాదే. వారిలో ఒకరికి కథలు రాసే అలవాటు ఉన్నదని విన్నాము. అతనికి రెండు తెల్ల నోటుపుస్తకాలు కూడా కొని ఉంచాము.

మా మనవడికి ప్రతి రాత్రీ ఇప్పుడు ఫరీదీ కథ ఒకటి మాకు గుర్తున్నంత మేరకు తెలుగులో చెబుతున్నాము. మొదటి రాత్రి కథ మధ్యలో ఆపి, "దాదా, ఈ పోలీసు అధికారి అసలు పేరే ఫరీదీయా?" అని రెండుసార్లు అడిగాడు. అవునన్నాము. ఆ కథ తెలుగులో పుస్తకంగా కావాలట. తెచ్చి ఇవ్వవలసినవారం మనమే.